ఇరవై ఏళ్ల తర్వాతి ఒంటి కోసం

హార్మోన్లు మొదలుపెట్టిన తొలి ఏడాది ఎవరిని కదిపినా ఒకటే ఆత్రం. గడ్డం ఎప్పుడు మొలుస్తుంది, గొంతు ఎప్పుడు మారుతుంది, రొమ్ములు ఎప్పుడు ఎదుగుతాయి? ఏళ్ల తరబడి ఎదురుచూసిన మార్పు కాబట్టి ఆ ఆత్రంలో తప్పేమీ లేదు. కానీ ఆ మందుతోనే ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు బతకాలన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టదు. తట్టి అడిగినా చుట్టుపక్కల నుంచి ఒకే జవాబు వస్తుంది: "ఆ మందులు మింగినవాళ్లు ఎక్కువ కాలం ఉండరు." ఇంట్లోవాళ్లు మాన్పించడానికి ఆ మాట అంటారు. కమ్యూనిటీలో పెద్దవాళ్లు, నడివయసు దాటకుండానే పోయిన తోటివాళ్లను తలచుకుని అంటారు. ఇద్దరి భయమూ నిజమైనదే. వాళ్లు చూపించే కారణమే సరైనది కాదు.

ఈ లెక్కలు చాలా కాలంగా రాసిపెట్టిన చోటు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ ఆసుపత్రి. 1972 నుంచి 2018 దాకా అక్కడ హార్మోన్లు తీసుకున్న 4,568 మంది వివరాలను డాక్టర్లు 2021లో ప్రచురించారు. ట్రాన్స్ మహిళల్లో మరణాలు మామూలు మగవాళ్ల కంటే సుమారు 1.8 రెట్లు ఉన్నాయి. ట్రాన్స్ పురుషుల్లో మామూలు ఆడవాళ్ల కంటే సుమారు 1.8 రెట్లు ఉన్నాయి. భయపడాల్సిన అంకెలే. మరి వాళ్లు దేనితో పోయారు? గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, హెచ్‌ఐవీ, ఆత్మహత్య. వీటికి హార్మోనే కారణమని చెప్పే ఆధారం ఆ పరిశీలనలో కనిపించలేదు. సిగరెట్టు, ఒంటరితనం, అవమానం, ఆసుపత్రి గడప తొక్కడానికి వెనకాడటం, ఈ నాలుగూ కలిసి చేసే పని ఆ జాబితాలో కళ్లకు కడుతుంది. అందరికీ ఆరోగ్య బీమా ఉన్న దేశంలోనే పరిస్థితి అలా ఉంటే, మన దగ్గర మందుల చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని, ఒక్క రక్తపరీక్ష కూడా లేకుండా పదేళ్లు గడిపేవాళ్ల మాటేమిటి?

ఈ అధ్యాయం ఆ పదేళ్ల గురించి, ఆ తర్వాత వచ్చే ఏళ్ల గురించి. హార్మోన్ మానేయమని చెప్పడానికి రాసింది కాదు. ఎంతో మందికి ఆ మందు బతుకు మీద ఆశ నిలిపింది. ఆ ఆశతో పాటు ఎముకలు, గుండె, కాలేయం కూడా నిలబడాలన్నదే నా తాపత్రయం. ఎన్ని మిల్లీగ్రాములు వాడాలో ఇందులో రాయలేదు, కావాలనే రాయలేదు. ఆ అంకె మీ వయసు, బరువు, రక్తపరీక్ష చూసి డాక్టరు రాయాల్సింది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి ఒక్కసారిగా ఆపేయొద్దు. అలా ఆపడంలో ఉన్న ప్రమాదం గురించే రెండో భాగం.

మెడికల్ షాపు మందు

విజయవాడైనా, వరంగల్లైనా, విశాఖైనా ట్రాన్స్ అమ్మాయి చేతికి మొదట వచ్చే హార్మోన్ తరచుగా గర్భనిరోధక మాత్రే. మాలా-డి, లేకపోతే డయాన్-35. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, షాపువాడు ప్రశ్నలు వేయడు. తనకంటే ముందు మొదలుపెట్టిన అక్క చెప్పింది కాబట్టి నమ్మకం. రోజుకు ఒకటితో మొదలై మూడు, నాలుగు దాకా వెళ్తుంది. ఎక్కువ మింగితే త్వరగా మారతామన్న ఆశ దాని వెనుక ఉంటుంది.

ఆ మాత్రలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. మాలా-డి ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయోల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. అట్టలో విడిగా కనిపించే ఏడు మాత్రలు ఇనుము మాత్రలే, వాటిలో హార్మోన్ లేదు. ఇథినైల్ ఎస్ట్రడయోల్ ఆడవాళ్ల ఒంట్లో సహజంగా తయారయ్యే ఈస్ట్రోజెన్ కాదు. ప్రయోగశాలలో తయారైన రూపం. కాలేయం దాన్ని సులువుగా విడగొట్టలేదు, అందుకని అది చాలాసేపు అక్కడే పనిచేస్తూ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. ఇక లెవోనార్జెస్ట్రెల్‌కు కొద్దిగా మగ హార్మోన్ గుణం ఉంది. నాలుగు మాత్రలు మింగే అమ్మాయి తాను వదిలించుకోవాలనుకున్న గుణాన్నే ఇంకాస్త తెచ్చిపెట్టుకుంటోంది.

ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు కూడా ఒకప్పుడు ఇథినైల్ ఎస్ట్రడయోలే ఇచ్చేవారు. 1997లో వాళ్లు ప్రచురించిన లెక్కల్లో ట్రాన్స్ మహిళలకు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు జనం కంటే 20 రెట్లు కనిపించింది. ఆ తర్వాత ఆ మందును వదిలేసి సహజ రూపమైన ఎస్ట్రడయోల్‌కు మారారు. ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు కూడా ట్రాన్స్ మహిళలకు ఇథినైల్ ఎస్ట్రడయోల్ వద్దనే చెబుతాయి. అక్కడ పాతికేళ్ల కిందటే పక్కన పెట్టేసిన మందు మన బస్తీల్లో ఇంకా మొదటి మందుగా నడుస్తోంది. ఈ అధ్యాయం చదివి ఒక్క పని మాత్రమే చేయగలిగితే, గర్భనిరోధక మాత్రల నుంచి ఎస్ట్రడయోల్‌కు మార్చమని డాక్టరును అడగండి. మాత్ర ఉంది, ఒంటికి రాసుకునే జెల్ ఉంది. నలభై, నలభై ఐదు దాటినవాళ్లకు, పొగతాగేవాళ్లకు, ఒళ్లు బరువున్నవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు జెల్ మేలు. చర్మం గుండా వెళ్లే మందు కాలేయం మీద అంత భారం వేయదు.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది డాక్టర్లు కూడా దీన్ని గమనించరు. మామూలు ఎస్ట్రడయోల్ రక్తపరీక్షలో ఇథినైల్ ఎస్ట్రడయోల్ కనిపించదు. రోజుకు నాలుగు మాలా-డి మింగే అమ్మాయి రిపోర్టులో అంకె తక్కువగానే వస్తుంది. అది చూసి డాక్టరు ఇంకో మందు కలిపితే ప్రమాదం రెట్టింపు. ఏం మింగుతున్నారో అట్టతో సహా చూపించాలి. సిగ్గుపడి దాచిన మాత్రే ఎక్కువ కీడు చేస్తుంది.

ఎస్ట్రడయోల్‌కు మారినంత మాత్రాన ముప్పు పూర్తిగా పోదు. అమెరికాలోని ఒక పెద్ద ఆరోగ్య సంస్థ రికార్డులతో 2018లో ప్రచురించిన పరిశీలనలో, ఎనిమిదేళ్ల కాలంలో మామూలు మగవాళ్ల కంటే ట్రాన్స్ మహిళల్లో వెయ్యికి సుమారు 17 మందికి అదనంగా సిరల్లో రక్తం గడ్డకట్టింది. వెయ్యిలో 17 అంటే అందరికీ వస్తుందని కాదు, ఎవరికీ రాదని కూడా కాదు. కాబట్టి గుర్తులు తెలిసి ఉండాలి. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిపెట్టి, తాకితే వేడిగా ఉంటే ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కూడా అంతే. క్యాజువాలిటీలో మొదటి వాక్యంగా "నేను ఈస్ట్రోజెన్ వాడుతున్నాను" అనాలి. పేరేమిటి, ఆడా మగా అన్న ప్రశ్నలతో పొద్దు గడిచిపోకుండా డాక్టరు ఆలోచనను సరైన దారిలో పెట్టేది ఆ మాటే.

సిగరెట్టు, బీడీ ఆపడం వీటన్నిటికంటే పెద్ద మందు. చెప్పడం తేలికని నాకు తెలుసు. రాత్రంతా మెలకువగా ఉండి, రోడ్డు మీద అవమానాలు మింగి వచ్చినవాళ్లకు ఆ పొగే తోడు. అయినా ఈస్ట్రోజెన్, పొగ రెండూ ఒకే రక్తనాళంలో కలిస్తే పెరిగేది గుండెపోటు, పక్షవాతం ముప్పు. సగానికి తగ్గించినా సంతోషమే, అక్కడే ఆగొద్దు.

మగ హార్మోన్‌ను అణచడానికి ఇచ్చే మాత్రల్లో మన దగ్గర ఎక్కువగా వాడేది స్పైరనోలాక్టోన్, ఆల్డాక్టోన్ పేరుతో దొరుకుతుంది. అది ఒంట్లో పొటాషియాన్ని నిలబెడుతుంది. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. వేసవిలో కోస్తా జిల్లాల్లో రోజుకు మూడు నాలుగు కొబ్బరి బోండాలు తాగే అలవాటు ఉంటే డాక్టరుకు చెప్పండి, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ పొటాషియమే కలుపుతారు. బీపీ మాత్రలు టెల్మిసార్టన్, రామిప్రిల్ వాడుతుంటే పొటాషియం ఇంకా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ తరచుగా మింగేవాళ్లకు కిడ్నీ మీద భారం తోడవుతుంది. ఈ మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి.

రెండో మందు సైప్రొటిరాన్. ఇది బాగా పనిచేస్తుంది కాబట్టే ఎక్కువ వాడేస్తారు. పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడినవాళ్లలో మెదడు పొరకు వచ్చే మెనింజియోమా అనే గడ్డ ముప్పు పెరుగుతుందని తేలాక, 2020లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దాని వాడకాన్ని కట్టడి చేసింది. ట్రాన్స్ మహిళలకు రోజుకు 10 మిల్లీగ్రాముల లోపే చాలునని ఇప్పుడు చాలామంది నిపుణులు అంటున్నారు. 50, 100 రాసి ఇచ్చిన పాత చీటీ మీ దగ్గర ఉంటే మళ్లీ చూపించుకోండి. వదలని తలనొప్పి, చూపు మసకబారడం, వినికిడి తగ్గడం, మనసు కారణం లేకుండా కుంగిపోవడం, వీటిని "హార్మోన్లు కదా" అని కొట్టిపారేయొద్దు.

నిర్వాణం తర్వాత

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన కమ్యూనిటీలో అందరికంటే తక్కువ మాట్లాడుకునే, అందరికంటే ఎక్కువ నష్టం చేసే విషయం ఇదే.

నిర్వాణం సంప్రదాయంగా ఆ పని చేసే దాయమ్మ చేతిలో జరిగినా, డాక్టరు చేతిలో జరిగినా, వృషణాలు తీసేశాక ఒంటికి సొంత హార్మోన్ ఫ్యాక్టరీ ఉండదు. అడ్రినల్ గ్రంథులు ఇచ్చే కాస్త తప్ప మగదీ లేదు, ఆడదీ లేదు. చాలామంది నిర్వాణం అయిపోయింది కాబట్టి ఇక మాత్రలు అక్కర్లేదని ఆపేస్తారు. రొమ్ములు రావాల్సినంత వచ్చాయి, గడ్డం తగ్గింది, ఇంకెందుకు డబ్బు ఖర్చు అనుకుంటారు. అప్పటికి వాళ్ల వయసు ఇరవై, ఇరవై రెండు ఉంటుంది.

ఎముక గట్టిపడే వయసు అదే. ఇరవైల చివరి దాకా ఎముక తనలో సున్నం కూడబెట్టుకుంటుంది, ఆ తర్వాత జీవితమంతా ఆ నిల్వలోంచే ఖర్చు పెడుతుంది. కూడబెట్టడానికీ, కాపాడటానికీ సెక్స్ హార్మోన్ కావాలి. మగవాళ్లలో కూడా ఎముకను నిలబెట్టేది చాలావరకు టెస్టోస్టిరాన్ నుంచి మారిన ఈస్ట్రోజెనే. రెండూ లేని ఒంట్లో ఎముకలు గుల్లబారడం చప్పుడు లేకుండా జరుగుతుంది. నలభై ఏళ్లకు నడుము వంగడం, చిన్నగా జారిపడితే మణికట్టో, తుంటో విరగడం, "మా గురుకు వయసైపోయింది" అనుకోవడం. ఆమెకు అయింది వయసు కాదు, హార్మోన్ కరువు. ఒంట్లోంచి వచ్చే సెగలు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం కూడా దాని గుర్తులే.

కాబట్టి నిర్వాణం తర్వాత చేయాల్సింది ఆపడం కాదు, మార్చడం. మగ హార్మోన్‌ను అణచే మాత్ర అక్కర్లేదు, చాలామంది తెలియక ఏళ్ల తరబడి అదింకా మింగుతుంటారు. ఈస్ట్రోజెన్ మోతాదు అంతకుముందు కంటే తక్కువ సరిపోవచ్చు. కానీ ఆ తక్కువైనా క్రమం తప్పకుండా, కనీసం ఆడవాళ్లకు ముట్లు ఆగే వయసు, అంటే యాభై దాటేదాకా ఉండాలి. ఏదైనా కారణం వల్ల ఈస్ట్రోజెన్ అసలు వాడకూడదంటే, ఎముకలకు వేరే మందులున్నాయి, ఎండోక్రైనాలజిస్టును అడగాలి.

నిర్వాణమై ఏళ్ల తరబడి హార్మోన్ లేకుండా ఉన్నవాళ్లు వయసు చూడకుండా డెక్సా స్కాన్ చేయించుకోవాలి. పెద్దాసుపత్రుల్లో, పెద్ద డయాగ్నస్టిక్ సెంటర్లలో ఉంటుంది, పడుకోబెట్టి తుంటి, వెన్ను ఫొటో తీస్తారు, నొప్పి ఉండదు. విటమిన్ డి పరీక్ష దానితో పాటే. పాలు, పెరుగు, రాగి సంకటి, నువ్వులు, మునగాకు తినే అలవాటు పిల్లలకు మాత్రమే కాదు. బరువులు ఎత్తే వ్యాయామం, వేగంగా నడవడం ఎముకకు నేరుగా పనికొచ్చేవి.

ట్రాన్స్ పురుషుల్లో అండాశయాలు తీయించుకున్నవాళ్లకూ ఇదే సూత్రం. డబ్బులేక, ఊరు మారడం వల్ల ఇంజెక్షన్ నెలల తరబడి ఆగిపోతే ఎముకలకు ఏ ఆధారమూ ఉండదు.

టీబీ, హెచ్‌ఐవీ మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టీబీ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ కాలేయాన్ని తొందరపెట్టి ఈస్ట్రోజెన్‌ను త్వరగా కరిగించేస్తుంది. ఆ ఆరు నెలలూ ఒంట్లో హార్మోన్ పడిపోతుంది. ముందు చెప్తే డాక్టరు సర్దుతారు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ కూడా అదే పని చేస్తాయి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే డొలుటెగ్రావిర్ మాత్రకు ఈస్ట్రోజెన్‌తో పెద్ద గొడవ లేదు. హార్మోన్ పనిచేయదేమోనన్న భయంతో ఏఆర్‌టీ మానేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఒక్క జాగ్రత్త: కాల్షియం, ఐరన్ మాత్రలను డొలుటెగ్రావిర్‌తో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే ఏఆర్‌టీ మందు ఒంటికి సరిగా పట్టదు. ఎంత ఎడం పెట్టాలో సెంటర్‌లో అడగండి.

టెస్టోస్టిరాన్ మీద ఉన్నవాళ్లకు

ట్రాన్స్ పురుషులు ఆసుపత్రుల లెక్కల్లో తక్కువగా కనిపిస్తారు. ఇంట్లోనే, ఉద్యోగంలోనే, పెద్దగా ఎవరికీ చెప్పకుండా ఇంజెక్షన్ వేయించుకుంటూ బతికేవాళ్లు ఎక్కువ. వీళ్లు ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాల్సింది రక్తం చిక్కబడటాన్ని. టెస్టోస్టిరాన్ ఎర్రరక్తకణాలను పెంచుతుంది. హెమటోక్రిట్ అనే అంకె 54 శాతం దాటితే మోతాదు తగ్గించాలి, లేదా కొన్నాళ్లు ఆపాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు మామూలు సీబీపీ పరీక్ష చేయిస్తే చాలు, ఊరి ల్యాబ్‌లోనే అవుతుంది. మూడు వారాలకోసారి పెద్ద ఇంజెక్షన్ వేసుకునేవాళ్లకు రక్తంలో హార్మోన్ ఒక్కసారిగా ఎగసి, తర్వాత పడిపోతుంది, దానితో మూడ్ కూడా ఎగసిపడుతుంది. చిన్న మోతాదు తక్కువ వ్యవధిలో తీసుకోవడం, లేదా జెల్‌కు మారడం, లేదా మూడు నెలల ఇంజెక్షన్ గురించి అడగండి. గురక పెరిగి, పగలు నిద్ర ముంచుకొస్తుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి, రక్తం చిక్కబడటానికి అదీ ఒక కారణమే. సిగరెట్టు ఇంకో కారణం.

సస్టనాన్ ఇంజెక్షన్‌లో వేరుశనగ నూనె ఉంటుంది. పల్లీలు పడనివాళ్లు అది వేయించుకోకూడదు. జెల్ రాసుకునేవాళ్లు ఆరేదాకా ఆ చర్మం పిల్లలకు, భాగస్వామికి తగలకుండా చూసుకోవాలి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్‌ను దీనికి కలపొద్దు.

ఇక గుండె. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు ప్రచురించిన మరో పరిశీలనలో ట్రాన్స్ పురుషులకు గుండెపోటు మామూలు ఆడవాళ్ల కంటే సుమారు 3.7 రెట్లు ఎక్కువ వచ్చింది. మామూలు మగవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, చెడ్డది పెరగడం దీనికి కొంత కారణం కావచ్చు. మనవాళ్లకు షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు ఎలాగూ త్వరగా వస్తాయి. ముప్ఫై దాటాక ఏడాదికోసారి బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ చూపించుకోవడం మగవాళ్లకు చెప్పే సలహానే, మీకూ అంతే.

టెస్టోస్టిరాన్ గర్భనిరోధకం కాదు. ముట్లు ఆగినా గర్భం రావచ్చు, వస్తే ఈ మందు బిడ్డకు హాని చేస్తుంది. ఆ అవకాశం ఉన్న సంబంధంలో ఉంటే నిరోధక సాధనం వాడండి. ముట్లు ఆగి ఏడాదో రెండేళ్లో అయ్యాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఇంజెక్షన్ తప్పకపోయినా కనిపిస్తే, గైనకాలజిస్టును కలవాలి. పిల్లలు కావాలనుకునే ఎవరైనా హార్మోన్ మొదలుపెట్టక ముందే అండాలు లేదా వీర్యకణాలు దాచుకోవడం గురించి అడగాలి. 2021 నాటి సంతాన సాఫల్య చట్టంలో ట్రాన్స్ వ్యక్తుల ప్రస్తావన లేదు, అందుకని క్లినిక్‌ను, వీలైతే లాయర్‌ను కూడా ముందే సంప్రదించండి.

ఉన్న అవయవానికే పరీక్ష

ఆధార్ కార్డు మీద ఏ అక్షరం ఉందన్నది క్యాన్సర్‌కు పట్టదు. ఏ అవయవం ఉందో దాన్నే చూపించుకోవాలి.

ట్రాన్స్ మహిళలకు నిర్వాణం అయినా, యోని శస్త్రచికిత్స అయినా ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది. ఈస్ట్రోజెన్ వల్ల అక్కడ క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది, ఉండదని కాదు. పీఎస్‌ఏ పరీక్ష చేయిస్తే అంకె మామూలు మగవాళ్ల కంటే చాలా తక్కువ ఉండాలి. ల్యాబ్ కాగితం మీద 4 లోపు నార్మల్ అని అచ్చు వేసినా, ఈస్ట్రోజెన్ మీద ఉన్నవారికి 1 దాటినా డాక్టరు ఆలోచించాలి. రొమ్ము విషయానికి వస్తే, 2019లో వచ్చిన డచ్ పరిశీలనలో 2,260 మంది ట్రాన్స్ మహిళల్లో 15 మందికి ముదిరే రకం రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మామూలు మగవాళ్లతో పోలిస్తే చాలా ఎక్కువ, ఆడవాళ్లతో పోలిస్తే మూడో వంతు. యాభై దాటి, ఐదేళ్లకు మించి హార్మోన్ వాడినవాళ్లు మామోగ్రఫీ గురించి అడగాలి. రొమ్ములో గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వయసుతో పనిలేదు.

ట్రాన్స్ పురుషుల్లో గర్భాశయం, దాని ముఖద్వారం ఉన్నంత కాలం ఆ పరీక్ష కావాలి. ప్రభుత్వ పీహెచ్‌సీల్లో ముప్ఫై దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేసే కార్యక్రమం ఉంది. రిజిస్టర్‌లో "పురుషుడు" అని రాసినవాళ్లను ఎవరూ పిలవరు, తామే అడగాలి. ఆడవాళ్ల వార్డులో గడ్డంతో కూర్చోవడం ఎంత కష్టమో ఊహించగలను. హెచ్‌పీవీ పరీక్షకు నమూనా తామే తీసుకునే పద్ధతి ఉంది, కొన్ని ఆసుపత్రుల్లో దొరుకుతుంది, అది అడిగి చూడండి. టెస్టోస్టిరాన్ వల్ల అక్కడి పొర పల్చబడి పరీక్ష నొప్పిగా ఉండొచ్చు, నమూనా సరిపోలేదని రిపోర్టు రావచ్చు. సరిపోలేదంటే క్యాన్సర్ అని కాదు, మళ్లీ తీయాలని. ఛాతీ శస్త్రచికిత్స అయినవాళ్లకూ కొంత రొమ్ము కణజాలం మిగిలే ఉంటుంది, ఛాతీ మీద గడ్డ తగిలితే చూపించుకోండి.

ఫైలు మీ చేతిలో

2021 జనవరిలో హైదరాబాద్ నార్సింగిలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ వ్యక్తులే సిబ్బందిగా ఉండటం వల్ల లోపలికి అడుగుపెట్టడానికి బెరుకు ఉండేది కాదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేయడంతో అది మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో జిల్లాకొకటి చొప్పున 33 మైత్రి క్లినిక్‌లు ప్రారంభించింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ ప్రభుత్వ డాక్టర్లుగా చేరిన రోజు ఎంతమంది కళ్లు చెమర్చాయో! ఇవన్నీ మంచి మార్పులే. కానీ క్లినిక్ మూతపడవచ్చు, డాక్టరు బదిలీ కావచ్చు, మీరే ఊరు మారవచ్చు. మూతపడిన క్లినిక్‌లోనే కాగితాలు ఉండిపోతే మీ పదేళ్ల చరిత్ర అక్కడే ఆగిపోతుంది.

అందుకని ఒక ఫైలు మీ దగ్గర ఉండాలి. హార్మోన్ మొదలైన నెల, మందు పేరు, మోతాదు, మార్చిన ప్రతిసారీ తేదీ, ఏ శస్త్రచికిత్స ఎప్పుడైంది, ఏ అవయవం ఉంది ఏది లేదు, ప్రతి రక్తపరీక్ష రిపోర్టు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా చాలు. మార్గదర్శకాల ప్రకారం ఈస్ట్రోజెన్ వాడేవారిలో ఎస్ట్రడయోల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండేలా చూస్తారు. అంతకంటే ఎక్కువ ఈస్ట్రోజెన్‌తో మార్పు త్వరగా రాదు, రొమ్ములు ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అది తొందరపెడితే తొందరపడేది కాదు. ల్యాబ్‌లో "మేల్", "ఫిమేల్" అని రాసిన దాన్నిబట్టి నార్మల్ హద్దులు అచ్చవుతాయి. టెస్టోస్టిరాన్ మీద ఏళ్లుగా ఉన్నవారి హిమోగ్లోబిన్‌ను మగవాళ్ల హద్దుతో చూడాలి. డాక్టరు కంగారుపడితే మీరే గుర్తు చేయండి.

2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 15వ సెక్షన్ హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్సలకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని చెప్పింది. 2022లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వర్తించే టీజీ ప్లస్ పథకం ప్రకటించింది. కాగితం మీదున్నంత తేలికగా కౌంటర్ దగ్గర పని జరగదు. అయినా ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తీసుకుని ఉంచండి, అడగాల్సిన రోజు అడగడానికి అది కావాలి.

మనసు బరువెక్కిన రాత్రి 14416 టెలి మానస్‌కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. మోతాదు మారిన వారాల్లో దిగులు పెరిగితే అది కూడా ఫైల్లో రాయండి.

అరవై దాటాక హార్మోన్ ఆపాలా, తగ్గించాలా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. మాత్ర నుంచి జెల్‌కు, పెద్ద మోతాదు నుంచి చిన్నదానికి రావడం సాధారణంగా జరిగే మార్పు. ఆ వయసులో అసలు సమస్య పక్కన ఉండేవారికి ఏమీ తెలియకపోవడం. గురు మింగే మాత్రల పేర్లు ఇంట్లో ఇద్దరు చేలాలకైనా (శిష్యులకైనా) తెలియాలి. స్పృహ తప్పి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నిర్వాణం అయిందని, ఎన్నేళ్లయిందని చెప్పగలగాలి. ఆ ఆపరేషన్ తర్వాత మూత్రమార్గం ఇరుకవడం మామూలే కాబట్టి, మూత్రం గొట్టం వేసే ముందు నర్సుకు, డాక్టరుకు ఆ మాట చెప్పాలి. ఫైలు ఏ బీరువాలో ఉందో ఈ వారమే వాళ్లకు చూపించండి.